నమ్మిక నడతలో తేలాలి

1876లో వానలు మొహం చాటేశాయి. తెలుగువాళ్లు ధాత కరువుగా తరతరాలు చెప్పుకున్న ఆ రోజుల్లో మద్రాసు ప్రెసిడెన్సీలో జనం తిండి వెతుక్కుంటూ ఊళ్లు విడిచారు. అప్పటికి పదేళ్లుగా ఒంగోలులో పనిచేస్తున్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌకు యౌవనంలో నేర్చిన సర్వే పని అక్కరకొచ్చింది. కరువు పనిగా ప్రభుత్వం తవ్విస్తున్న బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల మేర కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో వచ్చినవాళ్లకు కూలి ఇప్పించాడు. తెలుగు బోధకులే అక్కడ మేస్త్రీలయ్యారు. మట్టి తట్టలు దించి కూర్చున్నవాళ్లకు వాళ్లే సువార్త చెప్పారు. విన్నవాళ్లలో చాలామంది బాప్తిస్మం ఇమ్మని అడిగారు.

క్లౌ ఇవ్వలేదు. సుమారు 15 నెలల పాటు ఆయన బాప్తిస్మాలు ఆపేశాడు. కూలి లెక్కపెట్టి ఇచ్చే చేత్తోనే బాప్తిస్మం కూడా ఇస్తే, వచ్చిన మనిషి దేన్ని నమ్మి వచ్చాడో సంఘానికి తెలియదు. ఒక్కోసారి ఆ మనిషికే తెలియదు. 1878లో కాలువ పని ముగిసింది. పంచడానికి తన దగ్గర ఇక ఏమీ లేదని చెప్పాక కూడా జనం వచ్చారు. బోధకులు ఒక్కొక్కరినీ విచారించారు, వాళ్లను ఎరిగినవాళ్లను అడిగి తెలుసుకున్నారు. జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

ఆ ఒక్కరోజు సంఖ్యను క్రైస్తవ చరిత్రలు గొప్పగా చెప్పుకుంటాయి. నాకు మాత్రం దానికి ముందు ఆగిన ఆ 15 నెలలే ఎక్కువ విలువైనవి. అన్నం పెట్టడానికి షరతు పెట్టకపోవడం ప్రేమ. బాప్తిస్మానికి తొందరపడకపోవడం సత్యానికి లోబడడం. సంఖ్య పెరిగే అవకాశం గుమ్మంలో నిలబడి ఉన్నా సంఘం ఆ రెండింటినీ వదలలేదు. నిజమైన విశ్వాసాన్ని ప్రేమతోనూ విధేయతతోనూ గుర్తుపట్టాలన్నది క్లౌ కనిపెట్టిన సూత్రం కాదు. క్రైస్తవం పుట్టినప్పటి నుంచీ వస్తున్న మాట అది. దానికి కొలతలున్నాయి, పద్ధతులున్నాయి, జాగ్రత్తలున్నాయి.

యోహాను చూపిన ఆనవాళ్లు

కొత్త నిబంధనలోని యోహాను మొదటి పత్రిక ఐదే అధ్యాయాలు. మొదటి శతాబ్దం చివరి రోజుల్లో, ఎఫెసు చుట్టుపక్కల సంఘాల కోసం రాసిందని సంప్రదాయం చెబుతుంది. ఆ సంఘాలు అప్పటికే చీలిపోయాయి. దేవుణ్ణి అందరికంటే బాగా ఎరుగుదుమని చెప్పుకున్నవాళ్లు విడిపోయి వెళ్లారు. మిగిలినవాళ్లను ఒక బెంగ పట్టుకుంది: మా విశ్వాసం అసలైనదేనా? ఆ బెంగ తీర్చి, వాళ్లకు నిత్యజీవం ఉందన్న నిశ్చయం కలిగించడానికే ఈ పత్రిక.

స్కాట్లాండ్‌కు చెందిన రాబర్ట్ లా 1909లో ప్రచురించిన గ్రంథంలో ఈ పత్రిక అల్లికను విప్పి చూపాడు. ఇందులో మూడు పరీక్షలున్నాయన్నాడు: నీతి, ప్రేమ, యేసును గురించిన నమ్మకం. యోహాను ఒకదాన్ని చెప్పి ముగించి మరొకదానికి వెళ్లడు. మూడింటినీ చుట్టి, మళ్లీ మొదటికి వచ్చి, ప్రతిసారీ కాస్త లోతుకు దిగుతాడు. అందుకే చదివేవాడికి చెప్పిందే చెప్పినట్టు అనిపిస్తుంది. నిజానికి తప్పించుకునే దారులను ఆయన ఒక్కొక్కటిగా మూస్తున్నాడు.

దేవుణ్ణి ఎరుగుదునని చెప్పి ఆయన ఆజ్ఞలు పక్కన పెట్టేవాడిది అబద్ధమంటాడు. ఇది విధేయత పరీక్ష. కంటికి కనిపించే సహోదరుణ్ణి ద్వేషిస్తూ కనిపించని దేవుణ్ణి ప్రేమిస్తున్నానంటే అదీ అబద్ధమే అంటాడు. ఇది ప్రేమ పరీక్ష. ఆ ప్రేమను భావాల్లోకి జారిపోనివ్వడు. నీకు కలిగి ఉంది, నీ సహోదరుడికి లేదు, అది చూసి కూడా నీ మనసు తలుపు వేసుకుంది. అలాంటప్పుడు దేవుని ప్రేమ నీలో ఎక్కడుంది అని నిలదీస్తాడు. యాకోబు పత్రిక అడిగేదీ ఇదే. బట్టల్లేక, తిండి లేక వచ్చినవాణ్ణి మంచి మాటలతో సాగనంపే విశ్వాసం యాకోబు లెక్కలో ప్రాణం లేనిది.

ఇక్కడ వరసను మరిచిపోకూడదు. మనం ప్రేమించాం కాబట్టి దేవుడు ప్రేమించలేదు. ఆయనే ముందు ప్రేమించాడన్నది ఈ పత్రికకు పునాది. మంచి పనులు రక్షణకు చెల్లించే ధర కావు, రక్షణ మనిషిలో పనిచేస్తోందనడానికి ఆనవాళ్లు. విశ్వాసం వల్లనే మనిషి నీతిమంతుడవుతాడని పోరాడిన మార్టిన్ లూథర్ కూడా 1522లో రోమా పత్రికకు రాసిన ముందుమాటలో విశ్వాసం ఊరికే కూర్చోదన్నాడు. మంచి చేయాలా అని అది అడగదు, అడిగేలోపే చేసి ఉంటుందన్నది ఆయన భావం.

ఒకదానికి ఒకటి కాపలా

ప్రేమ ఒక్కటి చాలదా, విధేయత ఎందుకు? లేదా ఆజ్ఞలు పాటిస్తే చాలదా, ప్రేమ సంగతి ఎందుకు? ఈ రెండు ప్రశ్నలూ సంఘాల్లో ఎప్పుడూ ఉన్నవే.

తప్పిపోయిన కుమారుని ఉపమానంలో పెద్దకొడుకును చూడండి. తండ్రి మాట ఏనాడూ జవదాటలేదు. పొలం పని మానలేదు. తమ్ముడు తిరిగొచ్చిన రోజున మాత్రం విందు జరుగుతున్న ఇంట్లోకి అడుగు పెట్టలేకపోయాడు. అన్నేళ్ల విధేయతలో తండ్రి హృదయం అతనికి అంటలేదు. ప్రేమ లేని విధేయత చివరికి లెక్కల పుస్తకంగా మిగులుతుంది. నేనింత చేశాను, వాడేం చేశాడు అన్న చోట ఆగిపోతుంది.

విధేయత లేని ప్రేమది మరో రకం మోసం. ఆరాధనలో కళ్లు చెమరుస్తాయి, పాటకు గుండె కరుగుతుంది. సోమవారం పనివాడి కూలిలో కోత పడుతుంది, తూకంలో తేడా వస్తుంది, సంతకంలో అబద్ధం దూరుతుంది. ఆ కన్నీళ్లు అబద్ధమని నేననను. వాటికి కాళ్లూ చేతులూ రాలేదంటాను. ప్రేమకు నచ్చినవాళ్లను మాత్రమే ఎంచుకునే అలవాటుంది. నచ్చనివాడి దగ్గరికి కూడా దాన్ని నడిపించేది ఆజ్ఞ.

యేసు ఈ రెండింటినీ ఒకే రాత్రిలో చూపించాడు. శిష్యుల పాదాలు కడిగి, ఒకరినొకరు ప్రేమించమని ఆజ్ఞ ఇచ్చాడు. అదే రాత్రి గెత్సేమనే తోటలో తన ఇష్టాన్ని తండ్రి ఇష్టానికి అప్పగించాడు. ఆయన ప్రేమా విధేయతా ఒకే మార్గంలో సిలువ దాకా నడిచాయి.

సంఘాలు అలవరచుకున్న పద్ధతులు

ఈ బోధను సంఘాలు గాలికి వదిలేయలేదు, పద్ధతులుగా మలచుకున్నాయి. మూడో శతాబ్దపు రోమా నగరపు ఆచారాలకు సాక్ష్యంగా చెప్పే, హిప్పోలితు పేరుతో వస్తున్న అపొస్తలుల సంప్రదాయం అనే గ్రంథంలో బాప్తిస్మానికి సిద్ధపడేవాళ్ల శిక్షణ వివరంగా ఉంది. మూడేళ్లు వాక్యం వినాలి. మనిషి పట్టుదల చూసి ఆ గడువు తగ్గించవచ్చు, ఎందుకంటే చూడాల్సింది నడతనే గానీ కాలాన్ని కాదంటుంది ఆ గ్రంథం. చివరి విచారణలో అడిగే ప్రశ్నలు గమనించదగ్గవి. విధవరాండ్రను గౌరవించాడా? రోగులను వెళ్లి చూశాడా? మంచి పనులు చేశాడా? జవాబు చెప్పాల్సింది అతను కాదు, అతన్ని సంఘానికి తీసుకొచ్చినవాళ్లు. తన ప్రేమకు తానే సాక్షినంటే ఆనాటి సంఘం ఒప్పుకోలేదు.

పద్దెనిమిదో శతాబ్దపు ఇంగ్లండులో జాన్ వెస్లీ మరో పద్ధతి నిలబెట్టాడు. 1742లో బ్రిస్టల్‌లో ప్రార్థనాలయం అప్పు తీర్చడానికి ఒకరు ఉపాయం చెప్పారు. సభ్యులను పన్నెండుమంది చొప్పున జట్లు చేసి, మనిషికి వారానికొక పెన్నీ వసూలు చేద్దామన్నారు. వసూలుకు ఇళ్లకు వెళ్లిన నాయకులకు లోపలి సంగతులు కనబడ్డాయి. ఒకచోట తాగుడు, మరోచోట పోట్లాట. అప్పు కోసం మొదలైన ఏర్పాటును వెస్లీ ఆత్మల సంరక్షణకు తిప్పాడు. ప్రతి వారం జట్టు కలవాలి, ఒక్కొక్కరి ఆత్మీయ స్థితినీ నాయకుడు అడగాలి.

1743లో ఆయన రాసిన నియమాలు మూడు ముక్కల్లో ఇమిడిపోతాయి: కీడు చేయకు, చేతనైన మేలు చెయ్యి, దేవుడు నియమించిన ఆరాధనా క్రమాలు విడవకు. వాటి కింద ఇచ్చిన ఉదాహరణలన్నీ బజారులోవీ, ఇంట్లోవీ. సుంకం ఎగ్గొట్టిన దొంగసరుకు కొనకూడదు. తీర్చే దారి లేకుండా అప్పు చేయకూడదు. ఆకలిగొన్నవాడికి తిండి, రోగినీ ఖైదీనీ వెళ్లి చూడడం తప్పనిసరి. చేరడానికి రక్షణ పొందాలన్న కోరిక ఒక్కటే చాలు. కొనసాగాలంటే ఆ కోరిక నడతలో ఫలించాలి. ద్వారం విశాలంగా ఉంచి, దారిని స్పష్టంగా గీసిన తీరు ఇది.

మాదిగపల్లెల్లో మూడు నియమాలు

మళ్లీ ఒంగోలు వైపు చూస్తే ఇదే పద్ధతి తెలుగు నేలలో ఎలా వేళ్లూనిందో తెలుస్తుంది. 1866లో బాప్తిస్మం పొందిన ఎర్రగుంట్ల పేరయ్య మాదిగవాడు, తోళ్ల వ్యాపారి, అంతకుముందు యోగసాధన చేసినవాడు. ఆయనా ఆయన తోటి బోధకులూ కాలినడకన పల్లెపల్లెకూ వెళ్లి సువార్త చెప్పారు. నమ్మినవాళ్లకు మూడు నియమాలు పెట్టారు: విగ్రహాలకు మొక్కకూడదు, ఆదివారం పనికి పోకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు.

చూడ్డానికి చిన్న నియమాలు. వెట్టి బతుకు మీద అవి ఎంత బరువు మోపాయో ఊహించండి. పిలిస్తే పరుగెత్తాల్సిన మనిషి వారానికొక రోజు రానంటున్నాడు. జాతరలో డప్పు కొట్టడం తన విశ్వాసానికి ఒప్పదంటున్నాడు. నేడు గర్వంగా మోగించే కళ డప్పు, ఆనాడది కాదనలేని చాకిరీ. కాదన్నందుకు కొన్ని ఊళ్లలో బావి దగ్గరికి రానివ్వలేదు, పనులకు పిలవలేదు, కొట్టారు కూడా. వచ్చినవాళ్ల మనసుల్లో ఆకలీ అవమానమూ ఆశా కలగలిసి ఉండవచ్చు. ఏ మనిషి మనసైనా అంతే. కానీ ఆ విధేయతకు కూలి ఎవరూ ఇవ్వలేదు, దెబ్బలు మాత్రం తగిలాయి. అందుకే దాన్ని నేను నమ్ముతాను.

పరీక్ష సంఘానికీ వచ్చింది. తొలి రోజుల్లో ఒంగోలులో పై కులాలవాళ్లు కొందరు సువార్త పట్ల ఆసక్తి చూపారు. మాదిగలను చేర్చుకుంటే తాము రామన్నారు. ఏం చేయాలో తెలియక క్లౌ దంపతులు ఒక రాత్రి లేఖనం తెరిస్తే, లోకం తక్కువగా చూసేవారిని దేవుడు ఏర్పరచుకున్నాడని పౌలు కొరింథీయులకు రాసిన చోటు ఇద్దరికీ వేర్వేరుగా ఎదురైందని చెబుతారు. వాళ్లు మాదిగలను కాదనలేదు. ఆ నిర్ణయంలో ప్రేమా ఉంది, విధేయతా ఉంది, పలుకుబడి చేజారే నష్టమూ ఉంది.

శత్రువు దాకా వెళ్లే కొలత

ఈ కొలత ఎంత దూరం వెళ్లగలదో నెదర్లాండ్స్‌లోని ఆస్పెరెన్‌లో 1569లో తేలింది. పెద్దయ్యాక మళ్లీ బాప్తిస్మం తీసుకున్నందుకు చెరలో ఉన్న డిర్క్ విలెమ్స్ తప్పించుకుని, గడ్డకట్టిన నీటి మీదుగా పరుగెత్తాడు. వెంటాడుతున్నవాడి కాళ్ల కింద మంచు విరిగింది. డిర్క్ వెనక్కి వచ్చి అతన్ని బయటికి లాగాడు. మళ్లీ పట్టుబడ్డాడు, మే 16న సజీవదహనమయ్యాడు. శత్రువును ప్రేమించమన్న ఆజ్ఞ గురించి ఆలోచించే వ్యవధి అప్పుడు అతనికి లేదు. ఏళ్ల తరబడి చిన్న చిన్న విషయాల్లో లోబడుతూ వచ్చిన మనసే ఆ క్షణాన కాళ్లను వెనక్కి తిప్పిందని నేననుకుంటాను.

కొలబద్ద ఎటు తిప్పాలి

ఇంత విలువైన కొలబద్దకు ప్రమాదమూ ఉంది. దాన్ని పక్కవాడి మీదికి తిప్పితే తీర్పు తీర్చే కర్ర అవుతుంది. యోహాను ఆ ప్రమాదం ఎరిగినవాడే. పాపం లేదనేవాడు తన్ను తానే మోసం చేసుకుంటున్నాడని మొదటి అధ్యాయంలోనే అంటాడు. మన హృదయం మనపై నేరం మోపినా దేవుడు మన హృదయం కంటే గొప్పవాడని ఓదారుస్తాడు. తప్పులే లేని మనిషిని ఈ పరీక్షలు వెతకవు. తప్పు చేసినప్పుడు ఒప్పుకుని, తిరిగి దారిలోకి వచ్చే మనిషిని వెతుకుతాయి.

తెలుగు సంఘాలకు ఈ కొలత ఇప్పుడు అత్యవసరం. కులం పేరుతో విడిపోయిన సంఘాలు మనకున్నాయి. ఒకే బల్ల దగ్గర రొట్టె విరిచి, పెళ్లి మాట వచ్చేసరికి కులం అడిగే ఇళ్లున్నాయి. చనిపోయినవాళ్లను సైతం వేరుగా పూడ్చే శ్మశానాలున్నాయి. సభలు ఎంత పెద్దవైనా, ఉపవాస ప్రార్థనలు ఎన్ని రోజులు సాగినా, ఇక్కడ తప్పితే యోహాను పరీక్షలో తప్పినట్టే. కనిపించే సహోదరుడు ఎవరో మన ఊళ్లో వెతకనక్కర్లేదు.

చేయాల్సింది పెద్ద ఉద్యమం కానక్కర్లేదు. బాప్తిస్మానికి వచ్చినవాణ్ణి సిద్ధాంతాలతో పాటు అతని కూలివాళ్ల గురించి, అప్పుల గురించి, ఇంటి ఆడవాళ్లతో అతని తీరు గురించి పెద్దలు అడగవచ్చు. పదిమంది ఒకచోట చేరి, ఈ వారం ఎవరికి మేలు చేశాం, ఏ ఆజ్ఞ దగ్గర తడబడ్డాం అని ఒకరికొకరు నిజం చెప్పుకోవచ్చు. ఈ ప్రశ్నలను పెద్దలు ముందు తమనే అడుక్కోవాలి, కానుక లెక్కల నుంచి మొదలుపెట్టాలి. విశ్వాసం దేవుడిచ్చే వరం. అది నిజంగా అందిందో లేదో మనతో బతికేవాళ్లకు తెలుస్తుంది: ఇంట్లోవాళ్లకు, పనివాళ్లకు, అప్పిచ్చినవాళ్లకు, మనతో పడనివాళ్లకు. వాళ్ల సాక్ష్యాన్ని వినడానికి సిద్ధపడ్డ సంఘమే తన విశ్వాసాన్ని గురించి ధైర్యంగా మాట్లాడగలదు.