పండగ మర్నాటి బంతిపూలు

దసరా వెళ్లిన వారంలోనే మదనపల్లె బజారులో ఒక అంగడి ముందు ప్లాస్టిక్ బంతిపూల తోరణాలు గుత్తులు గుత్తులుగా వేలాడదీశారు. పక్కనే ఎర్రటి మేపుల్ ఆకుల దండలు. హార్సిలీ కొండంతా వెతికినా దొరకని ఆకులు, అవీ ప్లాస్టిక్‌వే. "తీసుకోండమ్మా, పదేండ్లయినా వాడిపోవు" అని అంగడాయన వచ్చినవాళ్లకల్లా చెబుతున్నాడు. వాడిపోకపోవడమే పువ్వుకు గొప్ప గుణమైనట్టు ఆయన చెప్పడం, జనం తలూపడం చూసి నాకు ఒళ్లు మండింది.

ఈ కాలమ్ చాన్నాళ్లుగా చదువుతున్నవారికి నా పట్టు తెలుసు. వాకిలికి కట్టింది వాడిపోవాలి. వాడిపోతేనే దాన్ని విప్పుతాం. విప్పినప్పుడే గుమ్మం పైన బూజు కనబడుతుంది. బూజు దులిపిన చేతికి గడపకు పసుపు రాయబుద్ధవుతుంది.

అందులోనూ బంతికీ మన సీమకూ ఉన్న సంబంధం తోరణంతో తీరేది కాదు. మదనపల్లె టమోటాకు కాపలా కాసేది ఈ పువ్వే. బెంగళూరు శివారు హెసరఘట్టలోని ఉద్యాన పరిశోధన సంస్థవాళ్లు 16 సాళ్ల టమోటాకు 1 సాలు బంతి వేయమంటారు. 40 రోజుల బంతి నారు, 25 రోజుల టమోటా నారు ఒకే రోజు నాటితే రెండూ కలిసి పూతకొస్తాయి. కాయ తొలిచే శనగపచ్చ పురుగు గుడ్లు పెట్టడానికి బంతి మొగ్గల మీదికి పోతుంది, టమోటాకు ఆమేరకు బాధ తప్పుతుంది. మట్టిలో నులిపురుగులను కూడా బంతి వేర్లు తగ్గిస్తాయి. నిజానికి రెండూ అమెరికా ఖండం నుంచి సముద్రం దాటి వచ్చిన మొక్కలే. బంతి పుట్టిల్లయిన మెక్సికోలో ఈనాటికీ నవంబరు 1, 2 తేదీల్లో, మన దీపావళికి కాస్త అటూ ఇటూగా, పోయిన పెద్దలను తలచుకుని ఇంట్లో పీఠం కడతారు. వాళ్లు దారి తప్పకుండా రావాలని బంతిరేకులు పరుస్తారు. ఇంత చరిత్ర ఉన్న పువ్వు మన చేలల్లోనే పూస్తుంటే దాని ప్లాస్టిక్ బొమ్మను కొనుక్కోవడమేమిటి?

ఇట్లా రాసుకుంటూ ఉంటే పుంగనూరులో మా అవ్వ ఇంటి కొలువు గుర్తొచ్చింది. కోస్తాలో బొమ్మల కొలువు చాలా ఇళ్లలో సంక్రాంతికి పెడతారు. తమిళ, కన్నడ సీమల సరిహద్దులో ఉన్న మాకు అది దసరా పని. నవరాత్రులకు ముందు అటక మీది కొయ్యపెట్టె దింపేవాళ్లు. పాత చీరల పేలికల్లో చుట్టిన బొమ్మలను ఒక్కొక్కటే అవ్వ విప్పుతుంటే మేము చుట్టూ కూర్చునేవాళ్లం. మెట్లు ఎప్పుడూ బేసి లెక్కే: మూడు, అయిదు, స్థలముంటే ఏడు, తొమ్మిది. ముందుగా కూర్చునేది మరపాచి జంట, అవ్వ పెళ్లికి పుట్టింటివాళ్లు ఇచ్చిన ఎర్రచందనం బొమ్మలు. శేషాచలం కొండల్లో పెరిగే ఆ చెట్టు రంగు ఎన్నేండ్లయినా వాటి ఒంటి మీద ఉండేది. ఏటా వాటికి కొత్తగుడ్డ కట్టేవాళ్లం. కింది మెట్ల మీద పలమనేరు మట్టిబొమ్మలు. నేల మీద మేము మొలకెత్తించిన నవధాన్యాలతో చిన్న చేను. ఏటా ఒక్క కొత్తబొమ్మయినా చేరాలన్నది అవ్వ నియమం. ముక్కు విరిగినవాటికి మైనం పెట్టి, రంగు పోయినచోట పూసి మళ్లీ నిలబెట్టేది, పారేసేది కాదు. విజయదశమి రాత్రి ఒక బొమ్మను పడుకోబెడితే కొలువు ముగిసినట్టు.

ఆ పెట్టెలో వాడిపోయేది ఒక్కటీ లేదు. అయినా ఆ ఇంటి అలంకారంలో ప్రాణమంతా దానిదే. కనుక అలంకారమన్నది వాడిపోయి తీరాలన్న నా పట్టు దాని ముందు నిలవదు. బొమ్మకు ప్రాణం పోసింది ఏడాదికోసారి దాన్ని తాకిన చేయి. ఆ లెక్కన ప్లాస్టిక్ తోరణాన్నయినా పండగ తరువాత విప్పి, కడిగి, గుడ్డలో చుట్టి దాచుకునే ఇల్లాలితో నాకు తగవు లేదు. తెల్లవారకముందే బస్సెక్కి పనికి పోయే మనిషిని పూలు గుచ్చలేదేమని అడిగే హక్కు ఎవరికుంది? మేకుకు తగిలించి మరుసటేడు దాకా దుమ్ముకు వదిలేసేవాళ్లనే నేను అడిగేది.

అసలు అడగవలసిన సంగతి ఇంకొకటుంది. కొలువు ఎత్తేశాక కూడా అవ్వ బంతి తేవడం మానేది కాదు. పండగ ముందురోజు మూర అడిగితే గుండె గుభేలుమనే పువ్వు, పండగ మర్నాడు అడిగేవాళ్లు లేక పడుంటుంది. కుప్పం చుట్టుపక్కల పూలు బెంగళూరుకూ చెన్నైకీ పోతాయి, అక్కడా ఇదే కథ. నాటిన రెండు నెలలకు కోతకొచ్చే బంతిచెట్టు ఆ తరువాత కూడా వారాల తరబడి పూస్తూనే ఉంటుంది. దసరా అయిపోయిందని అది ఆగదు. ఆగింది మనం. అసలుపూలు కొనేవాళ్లమైన మనం కూడా ఆయుధపూజ నాడు లారీకీ కుట్టుమిషనుకూ బారెడు దండలు వేసి, మర్నాటి నుంచి రైతు ముఖం చూడకపోతే, ప్లాస్టిక్ తోరణం కొన్నవాళ్లకంటే మనం ఆయనకు చేసిన మేలు ఎంత?

శరత్తు అంటే ఆశ్వయుజమూ కార్తీకమూ కలిసిన రెండు నెలలు. విజయదశమి నుంచి కార్తీక పున్నమికి 35 తిథులు. అలంకరించవలసింది ఈ రోజులన్నిటినీ. వారానికి రెండు మూరల బంతి, నాలుగు మామిడాకులు చాలు. ఈ నెలల్లో మనకు ఈశాన్య రుతుపవనాల వానలుంటాయి కనుక తడిసిన పూలను గుడ్డ మీద ఆరబెట్టి, తొడిమ దగ్గర సూది దింపి గుచ్చండి. నీళ్లు చల్లకండి, కుళ్లిపోతాయి. మదనపల్లె, పుంగనూరు, కుప్పం మూడూ గట్టునేల ఊళ్లే, ఈ కాలపు చల్లదనానికి పువ్వు ఇక్కడ తొందరగా సొక్కదు. పండగకు పది మూరలు కొనే ఇల్లు ఆరు మూరలే కొని, మిగతా డబ్బు పున్నమి దాకా దాచుకున్నా నాకు సంతోషమే. బేరమాడకుండా పండగ మర్నాడు కొనండి.