ఎవరికెంత చనువు
కరీంనగర్ ఐటీ టవర్‌లోనో, ఆదిలాబాద్‌లో ఓ ఇంటి గదిలోనో కూర్చుని సర్వర్లు చూసుకునేవాళ్ల ఓపిక చూస్తే ముచ్చటేస్తుంది. వెబ్‌సైట్ అప్‌డేట్ మధ్యలో ‘పర్మిషన్ డినైడ్’ అని ఆగిపోతే, తొందరపడి 777 కొట్టి తలుపులన్నీ బార్లా తెరవరు. ముందు ‘ఎల్ఎస్ -ఎల్’ కొట్టి ఫైలు ఎవరి పేరున ఉందో చూస్తారు, వెబ్ సర్వర్ ఏ యూజర్‌గా నడుస్తోందో విడిగా కనుక్కుంటారు. పై ఫోల్డర్లను ఒక్కొక్కటే తడుముతారు. దారిలో ఒక్కదానికి ప్రవేశం లేకున్నా లోపలి ఫైలు అందదు మరి. తేడా దొరికాక ‘చౌన్’తో యజమానిని సరిచేసి, మామూలుగా ఫోల్డర్లకు 755, ఫైళ్లకు 644 ఇస్తారు, పాస్‌వర్డులున్న ఫైలుకు ఇంకా బిగువు. చదవడానికి 4, రాయడానికి 2, నడపడానికి 1. ఈ చిన్న కూడికల్లోనే ఎవరి హద్దు ఎంతవరకో తేలిపోతుంది. ఆ లెక్క కుదిరితేనే జగిత్యాల పిల్ల ఫోన్లో హాల్‌టికెట్ తీసుకోగలుగుతుంది. పరాయివాడు మాత్రం అందులో ఒక్క అక్షరం మార్చలేడు.