గాలికీ ఓ ఆనకట్ట

బెజవాడ దగ్గర కృష్ణ నీటి మట్టం లేవకపోతే దివిసీమ శివారు చేలు తడవవు. 1855లో పూర్తయిన ఆనకట్టా, దాని తరువాత 1957లో వచ్చిన ప్రకాశం బ్యారేజీ చేసిన అసలు మేలు నీళ్లను దాచిపెట్టడం కాదు, మట్టం లేపడం. మట్టం ఉంటేనే బందరు, రైవస్, ఏలూరు కాలువల్లోకి నీరు మళ్లుతుంది. నదిలో ఎంత నీరు పారినా, మట్టం లేకపోతే కాలువ ఎండే. డెల్టాలో పుట్టినవారికి ఈ సంగతి ఎవరూ నేర్పక్కర్లేదు. హామ్ రేడియో వాల్వులను గాలితో చల్లబరిచే విద్యకు కూడా మూలం ఇదే.

ప్రభుత్వ పరీక్ష రాసి, లైసెన్సు పొంది, వీయూ అక్షరాలతో మొదలయ్యే పిలుపు సంకేతంతో ప్రపంచాన్ని పలకరించేవాడు హామ్. అతని సెట్టు మామూలుగా వంద వాట్లు ఇస్తుంది. ఆ సంకేతాన్ని ఇంకా పెంచడానికి వాడే పెట్టెను ‘లీనియర్’ అంటారు. పాతకాలపు లీనియర్లకు ప్రాణం వాల్వు. వేడెక్కిన ఫిలమెంటు నుంచి బయలుదేరిన ఎలక్ట్రాన్లు రెండు మూడు వేల వోల్టుల ఆకర్షణకు లోనై ప్లేటును ఢీకొంటాయి. ఇచ్చిన కరెంటులో ఏరియల్‌కు చేరనిదంతా దాదాపుగా ఆ ప్లేటు మీదే వేడిగా మిగులుతుంది. 400 వాట్లు లోపలికి పోతే, అరవై శాతం సామర్థ్యం ఉన్న లీనియర్ 240 వాట్లు బయటికి పంపుతుంది. మిగతా 160 వాట్లూ వేడే. ఫిలమెంటు వేడి దీనికి అదనం. 3-500జెడ్ అనే గాజు వాల్వులో ఫిలమెంటు ఒక్కటే 73 వాట్లు తింటుంది.

అయితే వాల్వు చెడేది ప్లేటు ఎర్రబడినందుకు కాదు. 3-500జెడ్‌లో నిండు భారం మీద ప్లేటు ఎర్రగా మెరవడం సహజమే. ప్రమాదమంతా గాజును చీల్చుకుని లోహపు కాడలు బయటికి వచ్చే అతుకుల దగ్గర ఉంది. గాజు ఒక తీరున, లోహం ఇంకో తీరున వ్యాకోచిస్తాయి. హద్దు దాటితే అతుకు చిట్లి లోపలి శూన్యంలోకి గాలి దూరుతుంది. వాల్వు పని అంతటితో సరి. 3-500జెడ్‌కు అడుగు అతుకుల దగ్గర 200 డిగ్రీలు, పైటోపీ దగ్గర 225 డిగ్రీలు తయారీదారు గీసిన గీతలు. వాల్వుకు శివారు చేలంటే ఇవే.

ఎదురుగా టేబుల్ ఫ్యాన్ పెడితే సరిపోతుందని కొత్తగా మొదలుపెట్టినవారు అనుకుంటారు. ఫ్యాన్ గాలి బుడ్డికి తగిలి పక్కలకు చెదిరిపోతుంది, సాకెట్ లోపలి కాడలకు అందదు. అందుకే పనితెలిసినవారు ఛాసిస్ అడుగుభాగాన్ని గాలి చొరబడని పెట్టెగా మూసి, అందులోకి బ్లోయరు తిప్పుతారు. అదే ఆనకట్ట. పెట్టెలో ఒత్తిడి పెరిగిన గాలికి ఒక్కటే తూము వదులుతారు, అది వాల్వు సాకెట్. అక్కడ అడుగు అతుకులను ఒరుసుకుంటూ గాలి పైకి లేస్తుంది. వాల్వు చుట్టూ నిలబెట్టిన గాజు చిమ్నీ కాలువగట్టులాగా దాన్ని చెదరనివ్వక పైటోపీ దాకా నడిపిస్తుంది. ఆ టోపీకి తొడిగిన రెక్కల బిగింపు అక్కడి వేడిని ఆ గాలికి అప్పగిస్తుంది.

బ్యారేజీలో మట్టాన్ని అడుగుల్లో చెబుతాం. ఛాసిస్‌లో గాలి ఒత్తిడినీ నీటి మట్టంతోనే, కాకపోతే అంగుళాల్లో కొలుస్తారు. సన్నని పారదర్శకపు గొట్టాన్ని యూ ఆకారంలో వంచి, కాస్త రంగునీళ్లు పోసి, ఒక కొస మూసిన ఛాసిస్‌లోకి దూర్చి, రెండో కొస బయటికి వదిలేస్తే చాలు. రెండు వైపుల నీటి మట్టాల తేడాయే ఒత్తిడి. 3-500జెడ్‌కు నిమిషానికి 13 ఘనపుటడుగుల గాలి కావాలి, ఒత్తిడి మాత్రం అంగుళంలో అయిదో వంతు కూడా అక్కర్లేదు. పింగాణీ, లోహాలతో చేసిన చిన్న 4సీఎక్స్250బీ వాల్వు ప్లేటుకు దట్టమైన రెక్కలుంటాయి. దానికి అందులో సగం గాలి చాలు గానీ, ఒత్తిడి అర అంగుళం దాటాలి. ఇరుకు కాలువకు ఎత్తు మట్టం కావాలన్నమాట. మామూలు రెక్కల ఫ్యాన్ ఆ ఒత్తిడి దగ్గర చేతులెత్తేస్తుంది. పంజరంలాంటి చక్రమున్న బ్లోయరే నిలబడుతుంది.

లెక్క కూడా కష్టమేమీ కాదు. నిమిషానికి ఒక ఘనపుటడుగు చొప్పున పారే గాలి ఒక డిగ్రీ వేడెక్కితే 0.57 వాట్ల వేడిని మోసుకుపోతుంది. ఆరున్నర ఘనపుటడుగుల గాలి మీద 250 వాట్లు పెడితే ఆ గాలి 70 డిగ్రీల దాకా వేడెక్కుతుంది. ఇక్కడే బెజవాడ ఎండ లెక్కలోకి వస్తుంది. రోహిణి కార్తెలో గదిలోకి వచ్చే గాలే 45 డిగ్రీలుంటే, 20 డిగ్రీల గాలితో పోల్చినప్పుడు దాని బరువు ఎనిమిది శాతం తగ్గుతుంది, మోసే శక్తీ అంతే తగ్గుతుంది. అందుకే సంక్రాంతికి బాగా నడిచిన లీనియర్‌ను అప్పుడే మెచ్చుకోకూడదు. మే నెల మధ్యాహ్నం నడిపి చూడాలి. ఎండ ఎక్కువని ఎయిర్‌కూలర్ తడిగాలిని అందులోకి ఊదకూడదు. వేల వోల్టులున్న చోట తేమ మెరుపులకు దారి.

కాలువకు పూడికతీత ఎలాగో దీనికి దుమ్ము దులపడం అలాగ. నూర్పిళ్ల దుమ్ము, తొలకరి ఉసుళ్ల రెక్కలు, బందరు వైపు ఉప్పుగాలి రెక్కల సందుల్లో పేరుకుంటాయి. గాలి వచ్చే దారిలో జల్లెడ పెట్టాలి, దాన్ని తరచూ కడగాలి. మెత్తని కుంచెతో వాల్వు రెక్కలు తుడవాలి. పెట్టె తెరిచేముందు ప్లగ్గు పీకి, కెపాసిటర్లలో నిలవున్న వోల్టేజీని పిడి ఉన్న కడ్డీతో భూమికి దింపాలి. ఇందులో మినహాయింపు లేదు, ఆ వోల్టేజీ మనిషి ప్రాణం తీస్తుంది.

పని ముగిశాక కూడా బ్లోయరును కొన్ని నిమిషాలు తిరగనివ్వాలి. లోపల నిలిచిన వేడి మెల్లగా అతుకుల వైపు పాకుతుంది. నడిమధ్యలో కరెంటు పోతే ఇదే ముప్పు గనుక, బ్లోయరు ఒక్కదానికైనా ఇన్వర్టర్ తీగ ఇవ్వడం తెలివైన పని.

ఇప్పుడు ట్రాన్సిస్టర్ లీనియర్లు వచ్చాయి, ఇంత శ్రమ ఎందుకని అడగవచ్చు. ఒకటి, క్షణకాలపు పొరపాటును వాల్వు ఓర్చుకుంటుంది, ట్రాన్సిస్టర్ చాలాసార్లు ఓర్చుకోదు. రెండోది నాకు ఇంకా ముఖ్యం. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచినప్పుడు తీగలు తెగాయి, దారులు మూసుకుపోయాయి. అలాంటి రాత్రి రేడియోలో కబురు పంపడానికి అక్కరకొచ్చేది తన యంత్రం లోపల ఏ మూల ఎంత వేడెక్కుతుందో తెలిసిన మనిషి. బ్లోయరు మోత కాస్త మారితే చెవికి పట్టేవాడు, ఊడిన అతుకును చీకట్లో వెతికి పట్టగలిగేవాడు. వాల్వు చల్లబరచడం నేర్చుకున్నవాడు చేతిలో బ్యాటరీ సెట్టు ఉన్నా అదే శ్రద్ధతో నడుపుతాడు.

కాలువ బాగుందో లేదో బెజవాడ లాకుల దగ్గర నిలబడి చెప్పలేం. శివారు చేను తడిసిందా అని చూడాలి. లీనియర్ కూడా అంతే. బ్లోయరు ఎంత హోరెత్తినా, అడుగున కనిపించని ఆ చిన్న అతుకు చల్లగా ఉంటేనే గాలి పారినట్టు.