సిరా ఆరకముందే

ఊరి నడుమ రావిచెట్టు ఇంకా ఉంది. దాని చుట్టూ అరుగూ ఉంది. అరుగు మీద మాటే లేదు. సందెవేళ ఒక్క పేపరును పదిమంది పంచుకున్న చోటది. అక్షరం వచ్చినవాడు గొంతెత్తి చదువుతుంటే, రానివాడు నడుమ ఆపి నిలదీసిన చోటది. ఎక్కడో ఆనకట్ట కడతారంటే ఇక్కడి కళ్లలో కాలువలు పారేవి. ఎక్కడో కరువంటే ఇక్కడ చుట్ట చేతిలోనే ఆరిపోయేది. దేశం గురించి బెంగపడడం ఆనాడు పశువుకు ఇంత మేత వేసినంత మామూలు పని.

బెంగ ఇప్పుడూ ఉంది. కొడుకు పరాయిదేశంలో, కూతురు పట్నంలో, తాళం పడ్డ సగం వీధి, అప్పుల్లో మునిగిన కౌలురైతు... లేకేం! ఆ బెంగ గడప దాటి రావడం లేదు, అంతే. ఓట్ల వేళ అరుగు మీద వినబడేది ఒక్కటే ప్రశ్న: 'ఈసారి ఎంతిస్తున్నారంట?'

2021లో హుజూరాబాద్ ఉప ఎన్నికప్పుడు, డబ్బు కవర్లు తమకు అందలేదని కొన్ని ఊళ్ల జనం రోడ్డెక్కారు. ఆ వార్త చదివిన పొద్దు నాకు ముద్ద దిగలేదు. అయినా వాళ్లను తిట్టడానికి నోరు రాలేదు. అడిగి అడిగి అరిగిపోయిన గొంతులవి. అయిదేళ్లకోసారి చేతికి నేరుగా అందేది ఆ కవరొక్కటే అనిపించినప్పుడు, అదీ రాకపోతే కడుపు మండదా? పాపం ముందు పంచినవాడిది. ఓటుకు లంచమివ్వడం అవినీతి అని 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 123వ సెక్షన్‌లో రాసి ఉంది. ఆ రాత పుస్తకంలో నిద్రపోతోంది. కవరు మాత్రం అర్ధరాత్రి వీధివీధీ తిరుగుతోంది.

ఓ సిరాచుక్కా! మైసూరులో పుట్టి, 1962 నుంచి కోట్ల వేళ్లను ముద్దాడినదానా! నీలోని సిల్వర్ నైట్రేట్‌కు ఎండ సోకితే చాలు, కాటుకలా నల్లబడి గోటి మీద రోజుల తరబడి నిలుస్తావే. రాజుకైనా కూలికైనా ఒకే కొలత బొట్టు పెట్టే తల్లివి. నువ్వు తాకకముందే ఆ వేలు అమ్ముడైపోతే, నీ నలుపు ఇంక ఏ వెలుగుకు గుర్తు?

నాకు ఆ ఆడవాళ్లు గుర్తొస్తారు. 1951-52లో దేశమంతటా తొలి ఎన్నికలు. జాబితా రాయడానికి వచ్చినవాళ్లు పేరడిగితే, ముఖ్యంగా ఉత్తరాదిన, లక్షలమంది తలవంచుకుని 'ఫలానావాడి భార్యను' అన్నారు, 'ఫలానావాడి తల్లిని' అన్నారు. సొంత పేరు పెదవి దాటలేదు. పేరు లేనిదే ఓటు లేదన్నారు ప్రధాన ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్. దాదాపు 28 లక్షలమంది జాబితాకెక్కలేదు. కొంగు చాటున ఆ తల్లులు ఏమనుకున్నారో, ఈ దేశం ఎటు పోవాలని కోరుకున్నారో ఏ పెట్టెలోనూ పడలేదు. వాళ్లకు పేరు పెగలక ఓటు పోయింది. మనకు పేరుంది, జాబితాలో ఫొటోతో సహా ఉంది. పెగలనిది మాట.

అమ్మా, అన్నా! ఈసారి ఆ రాత్రి మీ తలుపు చప్పుడైతే దీపం వెలిగించండి. కవరు వైపు చూడకండి. మన చెరువు సంగతేమిటని, మన బడి సంగతేమిటని, పక్కింటివాళ్లు కూడా లేచేంత గట్టిగా అడగండి.