పది వాక్యాల పనితనం

బేస్తవారిపేటలోనో గిద్దలూరులోనో డీఎస్సీకి చదువుతున్నవాళ్లను నిద్రలేపి అడిగినా విశ్వసనీయతకీ సప్రమాణతకీ తేడా చెప్పేస్తారు. ఎన్నిసార్లు కొలిచినా ఒకే ఫలితం రావడం మొదటిది, కొలవాలనుకున్నదాన్నే కొలవడం రెండోది. బిట్టుకి అది చాలు. ఆ రెండు మాటల వెనక ఎంత పని ఉంటుందో తెలియాలంటే మాత్రం సమాజశాస్త్రవేత్త మోరిస్ రోజెన్‌బర్గ్ ఆత్మగౌరవ మాపనిని విప్పి చూడాలి.

1965లో వెలువడిన ఆ మాపనిలో ఉన్నవి పదే వాక్యాలు. న్యూయార్క్ రాష్ట్రంలో 10 హైస్కూళ్లకు చెందిన 5,024 మంది పిల్లలపై చేసిన అధ్యయనం కోసం తయారైంది. ఒక్కో వాక్యానికి నాలుగు జవాబులు; ‘ఏమో’ అని తప్పించుకునే గడి లేదు. నాకు బాగా నచ్చింది వాక్యాల పేర్పు. ఐదు తనను తాను మెచ్చుకునేవి, ఐదు కించపరచుకునేవి. సారు ఇచ్చాడు కదా అని అన్నిటికీ ‘అవును’ కొట్టుకుంటూ పోయే పిల్లాడు (మన క్లాసుల్లో వీళ్లకు కొదవ లేదు) ఇటు పైకీ పోడు, అటు కిందికీ పడడు, నడుమ ఆగిపోతాడు.

అదే ఏడాది సిల్బర్, టిప్పెట్ అనే ఇద్దరు 28 మంది కాలేజీ విద్యార్థులకు ఈ మాపనినే రెండు వారాల ఎడంతో రెండుసార్లు ఇచ్చారు. సహసంబంధం 0.85 వచ్చింది. ఆ ఎడంలోనే ఉంది నేర్పు: మొన్న ఏం రాశామో గుర్తుండకూడదు, ఈలోగా మనిషీ మారిపోకూడదు. వాక్యాలు ఒకదానితో ఒకటి పొసిగాయా అన్నది క్రోన్‌బాక్ ఆల్ఫా చెబుతుంది. అది మరీ ఎక్కువొచ్చినా అనుమానించాల్సిందే. ఒకే ప్రశ్నను మాట మార్చి పదిసార్లు అడిగి ఉండొచ్చు.

అయితే నిలకడ ఒక్కటే చాలదు. పలకలు కోసే కొలబద్ద ఒక నూలు పొట్టిదైతే పలకలన్నీ ఒకే కొలతకి వస్తాయి, చట్రానికి ఒక్కటీ సరిపోదు. ఈ సంగతి పలకలకు పేరుపడ్డ మార్కాపురం వాళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు. అందుకే రోజెన్‌బర్గ్ కాగితం దాటి వెళ్లాడు. ఒక పరిశోధనాసుపత్రిలో ఉంటున్న 50 మంది ఆరోగ్యవంతులైన వలంటీర్ల తీరును నర్సుల చేత అంచనా వేయించాడు. మాపనిలో వెనకబడినవాళ్లే నర్సుల కంటికీ ఎక్కువగా దిగులుగా కనిపించారు. ఈ పనిలో నేను తల వంచేది ఇక్కడే.

లోపం లేదని కాదు. 2005లో ష్మిట్, ఆలిక్ అనే పరిశోధకులు 53 దేశాల్లో, 28 భాషల్లో, 16,998 మందితో దీన్ని పరీక్షించి చూపారు. ఆల్ఫా సగటున 0.81 ఉంది గానీ, కించపరచుకునే వాక్యాలను అన్ని చోట్లా ఒకేలా అర్థం చేసుకోలేదు. తనపై తనకు ఇంకా గౌరవం ఉంటే బాగుండునన్న వాక్యం కొన్ని దేశాల్లో మిగతావాటితో కలవలేదు. మన వైపూ అంతే అవుతుందనుకుంటాను. గొప్పలు చెప్పుకోకూడదని పెరిగిన పిల్ల అణకువతో ‘అవును’ అంటుంది, మార్కు పోగొట్టుకుంటుంది.

మన ఇంటర్ పిల్లల మీద పరిశోధనకు దిగే ఎం.ఎడ్. మిత్రులకు ఒక మనవి. తెలుగు చేసిన ప్రశ్నావళిని ముందు కొద్దిమందికి ఇవ్వండి, రెండు వారాలాగి మళ్లీ ఇవ్వండి, వాళ్ల టీచర్లనూ విడిగా అడగండి. పరీక్షా ఫలితాలొచ్చిన వారంలో మాత్రం ఇవ్వకండి.