గదిలో కార్డు, బేస్‌మెంట్‌లో పని

హోటళ్ల పర్యావరణ శ్రద్ధ అనగానే బస చేసినవాళ్లకు గుర్తొచ్చేది స్నానాల గదిలోని చిన్న కార్డు. టవల్ కొక్కేనికి తగిలిస్తే మళ్లీ వాడుకుంటామని, కింద పడేస్తే ఉతకమని దాని అర్థం. ఫిజీలో ఒక రిసార్టు అలాంటి కార్డు మీద పగడపు దిబ్బల్ని కాపాడదామని రాసి, మరోపక్క కొత్త కాటేజీలు కట్టుకుంటూ పోయింది. దాన్ని గమనించిన అమెరికన్ పర్యావరణవాది జే వెస్టర్‌వెల్డ్ 1986లో రాసిన వ్యాసంలోంచే, పర్యావరణం పేరు చెప్పి మభ్యపెట్టడాన్ని సూచించే 'గ్రీన్‌వాషింగ్' అన్న మాట వచ్చింది.

అయినా కార్డు దండగ కాదు. దాని మీద ఏం రాశారన్నదే ముఖ్యం. అమెరికాలో గోల్డ్‌స్టీన్, చాల్డీని, గ్రిస్కెవిసియస్ అనే పరిశోధకులు హోటల్ గదుల్లో చేసిన ప్రయోగాల ఫలితాలు 2008లో అచ్చయ్యాయి. పర్యావరణాన్ని కాపాడమని అడిగిన కార్డుకు 35 శాతం మంది స్పందిస్తే, ఈ హోటల్‌కు వచ్చినవాళ్లలో ఎక్కువమంది టవల్ మళ్లీ వాడుతున్నారని చెప్పిన కార్డుకు 44 శాతం మంది స్పందించారు. ఇదే గదిలో దిగినవాళ్లు అలా చేశారని చెప్పినప్పుడు అది 49 శాతం దాకా వెళ్లింది. అదనంగా పైసా ఖర్చు లేదు, మారింది వాక్యం ఒక్కటే.

ముంబయి విమానాశ్రయం దగ్గర విఠల్ కామత్ 1997లో తెరిచిన ఆర్కిడ్ హోటల్ అతిథికి ఇంకొంచెం పని అప్పగించింది. గదిలో ఒక ఆకుపచ్చ బటన్ పెట్టింది. అది నొక్కితే ఏసీ ఉష్ణోగ్రత కాస్త పెరుగుతుంది. ఏసీని ఒక్క డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు ఆదా అవుతుందని బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ లెక్క. 2020 జనవరి నుంచి మన దేశంలో అమ్మే స్టార్ లేబుల్ గది ఏసీలు 24 డిగ్రీల దగ్గరే మొదలవ్వాలన్న నిబంధన ఆ లెక్క మీదే నిలబడింది.

ఇంత చేసినా అసలు ఖర్చు గదిలో కనిపించదు. అది బేస్‌మెంట్‌లో ఉంటుంది. పెద్ద హోటల్లో చిల్లర్ అనే శీతలీకరణ యంత్రం గదుల్లోని వేడినంతా లాగి, మేడ మీది కూలింగ్ టవర్ గుండా గాల్లోకి వదిలేస్తుంది. అదే సమయంలో, అదే భవనంలో, స్నానాల నీళ్లు కాచడానికి బాయిలర్ డీజిల్ తాగుతూ ఉంటుంది. ఒక చేత్తో వేడిని పారబోసి ఇంకో చేత్తో కొనుక్కోవడం ఇది. చిల్లర్ వదిలే వేడిని నీళ్ల ట్యాంకుకు మళ్లించే ఏర్పాటు పెట్టుకుంటే బాయిలర్ పని చాలావరకు తప్పుతుంది. హీట్ పంపు పెడితే ఒక యూనిట్ కరెంటుకు మూడు యూనిట్ల వేడి దక్కుతుంది. పంపులు, ఫ్యాన్ల వేగం తగ్గించే డ్రైవ్‌లు కూడా అంతే విలువైనవి. వేగం 80 శాతానికి దించితే కరెంటు దాదాపు సగానికి పడిపోతుంది. వీటిలో ఏ ఒక్కదానికీ అతిథి అనుమతి అక్కర్లేదు, అతనికి తెలియను కూడా తెలియదు. ఎక్కువ ఫలితం ఇచ్చేవి ఇవే.

కట్టడం పాతదన్న సాకు కూడా నిలవదు. ప్రపంచంలో హరిత భవనాలకిచ్చే లీడ్ జీరో కార్బన్ ధ్రువీకరణ మొదట అందుకున్న హోటల్ బెంగళూరులోని ఐటీసీ విండ్సర్. అది ఇటీవల కట్టింది కాదు, 1980ల నాటి భవనం.

నీళ్ల విషయంలో మాత్రం పాత భవనాలకు చిక్కు ఉంది. మురుగును శుద్ధిచేసి ఫ్లష్‌కు వాడాలంటే మంచినీటి పైపుకు తోడు రెండో పైపు కావాలి. గోడలు లేచాక అది వేయడం కష్టం. అలాంటిచోట శుద్ధిచేసిన నీళ్లను తోటకు, కూలింగ్ టవర్‌కు మళ్లిస్తారు. వేసవిలో ట్యాంకర్లకు డబ్బు పోసే హైదరాబాద్ హోటళ్లకు ఇది ధర్మకార్యం కాదు, రొక్కం లెక్క. ఇక తాగునీటి ప్లాస్టిక్ సీసాల సమస్యకు పరిష్కారం తిరుమల కొండ మీదే కనిపిస్తుంది. అక్కడ ప్లాస్టిక్ సీసాలు నిషేధం, నీళ్లు గాజు సీసాల్లో అమ్ముతారు.

వంటగదిలో చట్టం కాస్త ముందే ఉంది. వాడిన నూనెలో పోలార్ పదార్థాలు 25 శాతం దాటితే దాన్ని వంటకు వాడకూడదన్న నిబంధన 2018 జులై నుంచి అమల్లో ఉంది. ఆ నూనెను సేకరించి బయోడీజిల్ చేయించే కార్యక్రమాన్నీ ఆహార భద్రతా సంస్థే నడుపుతోంది. బఫేకు మాత్రం అలాంటి చట్టం లేదు. ముగించే వేళకు కూడా ట్రేలు నిండుగా కనిపించాలన్న పట్టుదల వల్లే బిర్యానీ, కూరలు కుప్పలుగా చెత్తలోకి పోతాయి. చివరి అరగంటలో చిన్న గిన్నెలకు మారడం, అడిగితే అప్పటికప్పుడు వేసివ్వడం కంటే పెద్ద యంత్రమేదీ ఇక్కడ అవసరం లేదు. బయోగ్యాస్ ప్లాంటు మంచిదే, కానీ అది మిగిలిన అన్నానికి దారి చూపుతుంది తప్ప మిగలకుండా చూడదు.

ఇన్ని తెలిసినా పనులు ఆగిపోవడానికి ఒక కారణం యాజమాన్యంలోనే ఉంది. చాలా హోటళ్లలో భవనం ఒకరిది, నడిపే కంపెనీ ఇంకొకరిది. హీట్ పంపు కొనాల్సింది యజమాని, పచ్చదనం పేరు దక్కేది బ్రాండుకు. ఒప్పందంలో ఆదా పంపకం రాసుకోకపోతే ఫైలు కదలదు. బస్టాండు పక్క లాడ్జీల ఇబ్బంది వేరు. అక్కడ ఇంజినీరు ఉండడు, నెలాఖరు బిల్లు తప్ప ఏ పరికరం ఎంత లాగుతోందో చెప్పే మీటరు ఉండదు. గీజర్లకు, ఏసీలకు, నీళ్ల మోటారుకు విడివిడిగా సబ్‌మీటర్లు బిగించుకోవడం వాళ్లకు తొలి పని. సోలార్ పలకల సంగతి ఆ తర్వాత.