జెలీ మార్తాఁ సూదిపని

ఫ్రాన్సులోని అలాన్సోఁ పట్టణపు లేసు, నరసాపురం లేసులా కొక్కెపు సూదితో అల్లేది కాక, తోలుకాగితంపై గీసిన నమూనా వెంట మామూలు సూదితో, సన్నని దారంతో చిన్న చిన్న ముక్కలుగా కుట్టేది. స్త్రీలు తమ ఇళ్లలో కుట్టి తెచ్చే ఆ ముక్కలను అతుకు కనబడకుండా కలపడం ఎంతో ఓర్పు కోరే పని కాగా, తొమ్మిదిమందిని కని, నలుగురిని చిన్నతనంలోనే పోగొట్టుకున్న కతోలిక తల్లి జెలీ మార్తాఁ (1831–1877) దానిని తన చేతిలోనే ఉంచుకుంది. మిగిలిన ఐదుగురు కుమార్తెలూ సన్యాసినులు కావడం, వారిలో చివరిది లిసియూ పునీత తెరేజ కావడం, జెలీని, ఆమె భర్త లూయీని కూడా 2015లో పునీతులుగా ప్రకటించడం తెలిసినవే గానీ, ఆమె ఉత్తరాలలో పిల్లల జబ్బుల పక్కనే లేసు ఆర్డర్ల ఒత్తిడి కనబడటం అంతకంటే గమనించదగినది. జెలీ లేసు వ్యాపారం పెరగడంతో, గడియారాల పనివాడైన లూయీ 1870లో తన దుకాణం వదులుకుని ఆమెకు తోడ్పడ్డాడు.